అమెరికా కాలిక్యులేటర్ 3 శాతం అంటే నిశ్చింతగా ఉండొచ్చా? (సమాధానం)

మీకు 42 ఏళ్లు, నాన్నగారికి 52కే గుండెపోటు, డాలస్‌లో డాక్టర్ చూసిన కాలిక్యులేటర్ మాత్రం వచ్చే పదేళ్లలో గుండెజబ్బు రిస్క్ 3 శాతమే అంది, మీకంటే లావుగా ఉన్న ఆఫీసువాళ్లు హాయిగా ఉంటే మీకెందుకీ టెన్షన్ అని కదా అడిగారు.

ఆ 3 శాతాన్నే పట్టుకుని కూర్చోకండి. అక్కడ ఏళ్ల తరబడి వాడుతూ వచ్చిన 2013 నాటి లెక్కను తెల్లవాళ్ల, నల్లజాతివాళ్ల సమాచారంతో కట్టారు, మనవాళ్లకు విడిగా లెక్క లేదు. అందుకే 2018 నాటి అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలాలనూ, తండ్రికి 55 లోపే గుండెజబ్బు రావడాన్నీ రిస్క్ పెంచే అంశాలుగా చేర్చారు. మీకు రెండూ ఉన్నాయి.

అలాగని మన గుండెకేదో వింత జబ్బు ఉందనుకోవద్దు. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో అన్ని ప్రాంతాలవాళ్లకీ ప్రధాన కారణాలు అవే: పొగ, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొట్ట, మానసిక ఒత్తిడి వగైరా. కాకపోతే అవి మనల్ని ముందే పట్టుకుంటాయి, మొదటి గుండెపోటు సగటు వయసు దక్షిణాసియాలో 53, మిగతా దేశాల్లో దాదాపు 59.

బరువు పోల్చుకోవడం మానేసి టేపు తీసి నడుము కొలవండి, మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లే హద్దు, తెల్లవాళ్లకైతే 94. ఈసారి డాక్టర్‌ని లైపోప్రోటీన్-ఏ (వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం కొలెస్ట్రాల్), మూడు నెలల సగటు షుగర్ (HbA1c) పరీక్షలు రాయమనండి, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) వాడాలా వద్దా అన్నది తేలకపోతే గుండె రక్తనాళాల్లో పేరుకున్న కాల్షియం చూసే స్కాన్ అవసరమా అని కూడా అడగండి, నాన్నగారి వయసు సంగతి మాత్రం తప్పకుండా ఫైల్లో రాయించండి.