బిల్లుకి ఫోన్ నంబరెందుకు?

ప్రశ్న: మేడమ్ గారూ, మా అత్తగారికి షుగర్ మందులు కొన్నప్పుడల్లా షాపులో ఫోన్ నంబరు అడుగుతారు. రెండు నెలలుగా షుగర్ తగ్గించే పొడులంటూ ఒకటే ఫోన్లు. మా ఇంటి జబ్బు వాళ్లకెలా తెలిసింది?
– ఒక గృహిణి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, ఆ షాపే చెప్పిందని రుజువు లేకుండా అనలేను. కానీ ఒకే నంబరు కింద బిల్లులన్నీ చేరితే ఇంట్లో ఎవరికే జబ్బో, ఏ తేదీకి మందులు అయిపోతాయో కంప్యూటరే లెక్క కట్టేస్తుంది. మా నాన్నగారు పోయాక మూడు నెలలపాటు, 'మీ బీపీ మాత్రలు అయిపోవచ్చాయి' అని ఆయన ఫోన్‌కి మెసేజీలు వచ్చాయి. అమ్మ ప్రతిసారీ ఏడ్చేది. డిస్కౌంట్ కోసం ఆ నంబరు ఇచ్చింది నేనే.

అడక్కుండా మన జబ్బు వివరాలు ఇలా వాడుకోవడం తప్పే. పుట్టస్వామి గారనే రిటైర్డ్ జడ్జి ఎనభై దాటాక వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చారు. బిల్లుకి నంబరు కావాలని పట్టుబట్టొద్దని 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా దుకాణాలకు చెప్పింది. కాబట్టి 'నంబరు ఇవ్వను, బిల్లు ఇవ్వండి' అని అడగండి, మొహమాటపడకండి. పాత వివరాలు తీసేయమని షాపుకి రాసివ్వండి. ఆ ఫోన్లు ఆగడానికి 1909కి కాల్ చేసి డీఎన్‌డీ (ప్రచార ఫోన్లు వద్దని నమోదు) పెట్టించుకోండి.

అత్తగారికి కూడా చెప్పండమ్మా. ఆ జబ్బు ఆవిడది, ఎవరికి చెప్పాలో ఆవిడ ఇష్టం.