ఒకినావాలో కాంక్రీటు ఇల్లు: డబ్బు తండ్రిది, పేరు కొడుకుదైతే?

ప్రశ్న: మా అబ్బాయి జపాన్‌లోని ఒకినావా దీవిలో ఉద్యోగం చేస్తూ భార్యాబిడ్డలతో అక్కడే ఉంటున్నాడు. కరెంటు ఖర్చు తక్కువయ్యే కొత్త కాంక్రీటు ఇల్లు ఒకటి చూశాడు. రూ. 40 లక్షలు పంపమంటున్నాడు, మిగతాది లోన్. విదేశీయులు అక్కడ కొనవచ్చా? నా డబ్బుతో వాడి పేరున కొంటే ఇబ్బందా? అమ్మాయి రాజమండ్రిలో ఉంటుంది. - ఓ రిటైర్డ్ ఉద్యోగి, కాకినాడ

జవాబు: కొనవచ్చండి. జపాన్‌లో ఇల్లు, స్థలం కొనడానికి పౌరసత్వం అడ్డు కాదు. సైనిక స్థావరాల దగ్గర ప్రత్యేక నిఘా ప్రాంతంగా ప్రకటించిన చోట 200 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలమైతే ముందే ప్రభుత్వానికి తెలపాలి. ఆ రూలు జపాన్ వాళ్లకూ ఉంది.

నాకు టెన్షన్ అంతా మీ 40 లక్షల గురించే. మన వైపు చిక్కు తక్కువ. విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. 10 లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది, దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. మెలిక జపాన్ వైపు ఉంది. తండ్రి కొడుక్కిస్తే మన దగ్గర పన్ను లేదు. అక్కడ గిఫ్టు పన్ను ఉంది, కట్టాల్సింది పుచ్చుకున్నవాళ్లు. ఏడాదికి మినహాయింపు 11 లక్షల యెన్‌లు. అబ్బాయి వీసా ఏ రకం, అక్కడ ఎన్నేళ్లుగా ఉన్నాడు, డబ్బు ఎక్కడ చేతులు మారింది అన్నవాటిని బట్టి పన్ను పడొచ్చు, పడకపోవచ్చు. అక్కడి పన్ను నిపుణుడిని 'జెయిరిషి' అంటారు. ఆయన అభిప్రాయం కాగితం మీద తీసుకున్నాకే పంపండి.

నన్నడిగితే, మీ డబ్బు ఎంతో అంత వాటా మీ పేరునే రాయించుకోండి. అప్పుడది గిఫ్టు కాదు. అక్కడి రిజిస్ట్రేషన్ కోసం మీరు నోటరీ ముందు సంతకం చేసిన అఫిడవిట్ ఇవ్వాల్సి వస్తుంది. ఏటా మన రిటర్నులో విదేశీ ఆస్తులు రాసే షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఆ వాటా చూపించాలి. మరిచిపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడే ప్రమాదం ఉంది. మీ తదనంతరం ఆ వాటాలో అమ్మాయికీ హక్కు ఉంటుంది కాబట్టి వీలునామా రాసిపెట్టండి. వారసత్వంగా వచ్చిన ఆస్తిని మూడేళ్లలోగా రిజిస్టర్ చేసుకోవడం 2024 ఏప్రిల్ నుంచి అక్కడ తప్పనిసరి.

ఇక 'కరెంటు తక్కువ' సంగతి. 2025 ఏప్రిల్ నుంచి నిర్మాణం మొదలయ్యే కొత్త ఇళ్లన్నీ ఇంధన పొదుపు ప్రమాణం అందుకోవాలి. అయితే దేశాన్ని ఎనిమిది వాతావరణ మండలాలుగా విడదీశారు, ఒకినావా ఎనిమిదోది. అక్కడ గోడ, కప్పుల విషయంలో చూసేది ఎండ వేడి లోపలికి ఎంత వస్తుందనే. చలి ప్రాంతాల్లోలా ఇంట్లోంచి వేడి ఎంత బయటికి పోతుందన్న హద్దు లేదు. కాబట్టి 'ప్రమాణం పాటించాం' అన్నంత మాత్రాన స్లాబు మీద మందంగా ఇన్సులేషన్ వేశారని కాదు. మన డాబా ఇళ్లు మీకు తెలుసుగా, పగలంతా కాగిన స్లాబు రాత్రి మంచం మీదికి సెగ దింపుతుంది. కప్పు మీద ఏం వేశారో చూపే డ్రాయింగు, నక్షత్రాల గుర్తులుండే ఇంధన పొదుపు లేబుల్ అడిగి, రెండూ ఒప్పందానికి జత చేయించండి. బ్రోకరు నోటిమాట కోర్టులో నిలబడదు.

కొత్త ఇంటికి పునాది, స్లాబు లాంటి ముఖ్య భాగాల లోపాలకు, వాన కారడానికి పదేళ్ల బాధ్యత చట్టమే అమ్మినవారి మీద పెట్టింది. ఒప్పందానికి ముందు లైసెన్సున్న నిపుణుడు 'జూయో జికో సెత్సుమెయి', అంటే ముఖ్య విషయాల వివరణ, చదివి వినిపించాలి. ఆ రోజు నమ్మకమైన దుబాసీని అబ్బాయి వెంట తీసుకెళ్లాలి. లోన్ రాకపోతే బయానా వెనక్కిచ్చే షరతు ఒప్పందంలో ఉందో లేదో కళ్లారా చూశాకే సంతకం పెట్టమనండి.