సైజాఫ్‌తో అడ్రసు కొలవకు, అమ్మలూ

శ్రీకాకుళం

అమ్మలూ,

రథసప్తమికి వచ్చి వెళ్లాక నీ దగ్గర్నుంచి ఫోన్ లేదు. అరసవల్లి క్యూలో నిలబడ్డ కాళ్ల నొప్పులు ఈపాటికి తగ్గే ఉంటాయి. ఆ సాయంత్రం నువ్వు వరండాలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తిట్టుకున్న తిట్లన్నీ నాకు వంటింట్లోకి వినిపించాయి. హాల్లో మా బ్రాడ్‌బ్యాండ్ మీద బాగా నడిచిన ప్రోగ్రాం, వరండాలో నీ ఫోన్ హాట్‌స్పాట్ మీదకి వచ్చేసరికి "ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్" అని మొరాయించింది. "మీ ఊళ్లో సిగ్నల్ ఇంతే అత్తా" అనేశావు. ఇంటి నిండా చుట్టాలు, పొయ్యి మీద పరమాన్నం, చిక్కుడాకులు ఇంకా కడగనేలేదు. అందుకే అప్పుడేం అనలేదు గానీ, మంచినీళ్లు ఇవ్వడానికి వచ్చినప్పుడు నీ భుజం మీంచి ఒకసారి తొంగి చూశాను. మా ఊరి సిగ్నల్‌ని అనకు. తప్పు నీ సైజాఫ్‌లో ఉంది, అదే, సీ భాషలో ఒకటి ఎన్ని బైట్లు పడుతుందో కొలిచే మాట.

అవతలి మెషీన్‌కి కలిపే కనెక్ట్ ఫంక్షన్‌కి ఆఖరి ఆర్గ్యుమెంటుగా, అడ్రసు పొడవు చెప్పాల్సిన చోట, నువ్విచ్చింది సైజాఫ్ స్ట్రక్ట్ సాక్‌యాడర్, అంటే అడ్రసు పెట్టే ఉమ్మడి డేటా మూట కొలత. అది 16 బైట్లు. పాత రకం ఇంటర్నెట్ అడ్రసు ఐపీవీ4ని పెట్టుకునే సాక్‌యాడర్_ఇన్ కూడా సరిగ్గా 16 బైట్లే, కాబట్టి హాల్లో బండి నడిచిపోయింది. మా బ్రాడ్‌బ్యాండ్‌లో కొత్త, పొడుగు రకం అడ్రసు ఐపీవీ6 లేదు. నీ ఫోన్‌లో ఉంది. అది ఉన్నచోట, పేరు ఇస్తే అడ్రసుల వరస తెచ్చే గెట్‌యాడర్‌ఇన్ఫో మామూలుగా ఐపీవీ6 అడ్రసునే వరసలో ముందు పెడుతుంది. దాన్ని పెట్టే సాక్‌యాడర్_ఇన్6 పొడవు 28 బైట్లు. ఐపీవీ6 అని చెప్పి 16 బైట్లే చేతిలో పెడితే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ ఎందుకు ఊరుకుంటుంది? తిప్పి పంపింది. పాపం, గెట్‌యాడర్‌ఇన్ఫో ఆ పొడవు కూడా ఏఐ_యాడర్‌లెన్ అనే గదిలో రాసి, అడ్రసు పక్కనే పెట్టి ఇచ్చింది. నువ్వు చూడలేదు, అంతే.

నేను ఈ పనిలో ముప్ఫై ఏళ్లు ఉండి నేర్చుకున్నది ఒకటే. అడ్రసూ, దాని పొడవూ ఎక్కడికెళ్లినా జంటగా వెళ్లాలి. అది ఏ రకం అడ్రసో ఆ అడ్రసునే అడగాలి గానీ నీ ప్రోగ్రాం ముందే అనుకోకూడదు. బీఎస్‌డీ అనే యూనిక్స్ రాసినవాళ్లు 1983లో సాకెట్లు, అంటే ప్రోగ్రాంలు నెట్‌వర్క్‌లో మాట్లాడుకునే కొసలు, బయటికి తెచ్చినప్పుడే దీన్ని అలా కట్టారు. ఏ అడ్రసు స్ట్రక్ట్ అయినా మొదట్లో అడ్రసు రకం చెప్పే ఫ్యామిలీ అంకె ఉంటుంది, మిగతాది ఆ ఫ్యామిలీ ఇష్టం. ప్రామాణిక సీ వచ్చింది 1989లో. ఏ రకాన్నైనా చూపించగల వాయిడ్ పాయింటర్ 1983లో చేతిలో లేక, అందరికీ ఉమ్మడి టోపీలా సాక్‌యాడర్ అనే స్ట్రక్ట్ పెట్టుకున్నారు. అది పాయింటర్‌ని క్యాస్ట్ చేయడానికే, అంటే రకం మార్చి ఇవ్వడానికే. దాన్ని కొలిచి అడ్రసు పొడవు ఇంత అనుకుంటే నీకు జరిగినట్టే జరుగుతుంది.

నిన్ను అంటున్నాను గానీ నేను చేసిన ఘనకార్యం ముందు నీది చాలా చిన్నది. హైదరాబాద్‌లో పనిచేసేటప్పుడు ఒక లాగిన్ సర్వర్ రాశాను. ఒకే అడ్రసు నుంచి అయిదుసార్లు తప్పు పాస్‌వర్డ్ వస్తే, ఆ అడ్రసుకి గంటసేపు తలుపులు మూసేస్తుంది. కొన్నాళ్లకి ఐపీవీ6 కూడా కావాలన్నారు. లిజన్ చేసే సాకెట్ ఫ్యామిలీని ఏఎఫ్_ఐనెట్6 అని మార్చి, కొత్త అడ్రసు పెట్టి, పది నిమిషాల్లో అయిపోయిందని టీ తాగడానికి వెళ్లాను. వచ్చినవాళ్లని లోపలికి తీసుకునే యాక్సెప్ట్ దగ్గర మాత్రం పాత సాక్‌యాడర్_ఇన్‌ని అలాగే వదిలేశాను.

సోమవారం పొద్దున ఎవరో పాస్‌వర్డ్ మర్చిపోయి అయిదుసార్లు తప్పు కొట్టారు. ఆ తర్వాత గంటసేపు ఒక్కరు కూడా లోపలికి రాలేకపోయారు. లాగ్ చూస్తే వచ్చినవాళ్లందరి అడ్రసూ 0.0.0.0. తమాషా ఏమిటంటే పోర్టు నంబర్లు మాత్రం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అందుకే నా కోడ్ మీద అనుమానమే రాలేదు. నెట్‌వర్క్ వాళ్లతో సగం రాత్రి పోట్లాడాను.

కాగితం మీద గీసుకుంటే అప్పుడు అర్థమైంది. నువ్వూ గీసుకో. రెండు స్ట్రక్టుల్లోనూ మొదటి రెండు బైట్లు ఫ్యామిలీ, తర్వాతి రెండు పోర్టు. అక్కడిదాకా అక్కాచెల్లెళ్లలా ఒకేలా ఉంటాయి. ఆ తర్వాతి నాలుగు బైట్లలో ఐపీవీ4 వాళ్లకి అడ్రసు ఉంటుంది, ఐపీవీ6 వాళ్లకి ఫ్లోఇన్ఫో ఉంటుంది. ఫ్లోఇన్ఫో అంటే ప్యాకెట్ల ప్రవాహానికి ఇచ్చే గుర్తు, మామూలుగా సున్నా. ఆ సున్నాలనే నేను అడ్రసుగా చదివాను. అసలు అడ్రసు ఆ వెనకాల మొదలై, సగం నా 16 బైట్ల గిన్నెలో పడి, మిగతా సగం ఒలికిపోయింది.

కెర్నెల్ నాతో అబద్ధం ఆడలేదు. గిన్నెలో పట్టినంతే పోసి, పొడవు చోట మాత్రం 28 అని నిజమే రాసింది. నేను 16 ఇస్తే 28 తిరిగొచ్చింది, చూసుకోలేదు. ఆ పొడవు వేరియబుల్‌ని ప్రతి యాక్సెప్ట్‌కి ముందు మళ్లీ 16కి పెట్టేదాన్ని కాబట్టి బతికిపోయాను. పెట్టకపోయి ఉంటే, రెండోసారి కెర్నెల్ ఆ 28నే నా గిన్నె సైజు అనుకుని పక్కనున్న 12 బైట్లు తొక్కేసేది. అప్పుడు ఎక్కడ క్రాష్ అయ్యేదో ఆ సూర్యనారాయణమూర్తికే తెలియాలి.

కాబట్టి ఎవరు వస్తారో తెలియని చోట సాక్‌యాడర్_స్టోరేజ్ వాడు. లైనక్స్‌లో అది 128 బైట్లు. ఐపీవీ4, ఐపీవీ6, ఆఖరికి 110 బైట్ల యూనిక్స్ డొమైన్ అడ్రసు కూడా అందులో పడుతుంది. లూప్ తిరిగినప్పుడల్లా పొడవుని సైజాఫ్ స్టోరేజ్‌కి మళ్లీ పెట్టు. సైజాఫ్ పనికొచ్చేది ఇక్కడ, గిన్నె కొలవడానికి. వచ్చిన అడ్రసుని లాగ్‌లో రాయాలంటే గెట్‌నేమ్‌ఇన్ఫోకి ఆ స్టోరేజ్‌నీ, తిరిగొచ్చిన పొడవునీ ఇచ్చి, అంకెల్లోనే ఇవ్వమని చెప్పే ఎన్ఐ_న్యూమరిక్‌హోస్ట్ పెట్టు. అది పెట్టకపోతే వచ్చిన ప్రతివాడి పేరు కోసం ఇంటర్నెట్ పేర్ల డైరెక్టరీ డీఎన్ఎస్‌కి పరిగెడుతుంది, నీ సర్వర్ నత్తనడక నడుస్తుంది. అడ్రసుని అక్షరాల్లోకి మార్చే పాత ఐనెట్_ఎన్‌టోఏ జోలికి వెళ్లకు, దానికి ఐపీవీ4 తప్ప ఇంకో లోకం తెలియదు.

ఇక నీ క్లయింటు సంగతి. గెట్‌యాడర్‌ఇన్ఫో ఇచ్చిన వరసలో మొదటిది పట్టుకుని, అది పనిచేయకపోతే చేతులెత్తేశావు. ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆటో అతన్ని దారి అడిగితే, ఇటు వెళ్లండి, అటు మూసేసుంటే ఇలా తిరగండి అని రెండు మూడు చెబుతాడు కదా. ఇదీ అంతే. ఒక్కో అడ్రసుకీ దాని ఫ్యామిలీతోనే కొత్త సాకెట్ తెరిచి, కనెక్ట్ చేసి, అవకపోతే ఆ సాకెట్ మూసి తర్వాతిదానికి వెళ్లాలి. మూయడం మర్చిపోతే డిస్క్రిప్టర్లు, అంటే తెరిచిన సాకెట్ల నంబర్లు, కారిపోతాయి. గెట్‌యాడర్‌ఇన్ఫోకి ఏం కావాలో చెప్పే హింట్స్‌ని ముందు మెమ్‌సెట్‌తో సున్నా చేసి, ఫ్యామిలీకి ఏదైనా సరే అనే ఏఎఫ్_అన్‌స్పెక్, సాకెట్ రకం సాక్_స్ట్రీమ్ అని పెట్టు. సాకెట్ రకం చెప్పకపోతే లైనక్స్‌లో ఒకే అడ్రసు మూడుసార్లు వస్తుంది. గెట్‌యాడర్‌ఇన్ఫో ఫెయిలైతే మామూలు తప్పులు చెప్పే పెర్రర్‌ని అడగకు, తిరిగొచ్చిన అంకెని దాని తప్పులు చెప్పే జీఏఐ_స్ట్రెర్రర్‌కి ఇవ్వు. లూప్ కోసం వేరే పాయింటర్ పెట్టుకుని, వరస మొదలుని అలాగే ఉంచు. చివర్లో ఆ వరస మెమరీని వదిలే ఫ్రీయాడర్‌ఇన్ఫోకి ఇవ్వాల్సింది ఆ మొదలునే.

ఇంతా చేసినా ఒక చిక్కు మిగులుతుంది. ఐపీవీ6 పేరుకి ఉండి, దారి మధ్యలో ప్యాకెట్లు మాయమయ్యే చోట్లు ఉంటాయి. అక్కడ "రాదు" అని చెప్పేవాడు కూడా ఉండడు. లైనక్స్ డిఫాల్ట్ సెట్టింగుల్లో కనెక్ట్ రెండు నిమిషాల పైచిలుకు ఎదురుచూసి గానీ వదలదు. అంతసేపు నీ యూజర్ తెర వైపు చూస్తూ కూర్చోడు. దీనికే హ్యాపీ ఐబాల్స్ అని ఒక పద్ధతి ఉంది. 2012లో ఆర్ఎఫ్‌సీ 6555 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రంగా వచ్చింది, 2017లో 8305గా సవరించారు. సాకెట్లని నాన్‌బ్లాకింగ్ చేసి, అంటే ఎదురుచూస్తూ ఆగిపోకుండా చేసి, మొదటి అడ్రసుకి కనెక్ట్ మొదలుపెట్టి, 250 మిల్లీసెకన్లలో తేలకపోతే దాన్ని అలా ఉంచి రెండోదీ మొదలుపెడతారు. ఎవరు ముందు చేరితే వాళ్లతో మాట్లాడతారు. సాకెట్లని కాపలా కాసే పోల్ రైటబుల్, అంటే ఇక రాయొచ్చు, అన్నంత మాత్రాన సంబరపడకు, సాకెట్ తప్పు చెప్పే ఎస్ఓ_ఎర్రర్ అడిగి సున్నా వస్తేనే కనెక్ట్ అయినట్టు. నీ చిన్న టూల్‌కి ఇదంతా ఇప్పుడే అక్కర్లేదు. అయిదు సెకన్ల టైమవుట్ చాలు.

సర్వర్ రాసేటప్పుడు ఒకే ఐపీవీ6 సాకెట్‌తో రెండు రకాలనీ వినొచ్చని ఎవరో ఒకరు చెబుతారు. లైనక్స్‌లో నిజమే. ఐపీవీ4 నుంచి వచ్చినవాళ్లు రెండు కోలన్లు, నాలుగు ఎఫ్‌లు తగిలించుకుని ఐపీవీ6 వేషంలో వస్తారు. ఓపెన్‌బీఎస్‌డీలో ఆ వేషానికి చోటే లేదు. నాకు ఈ వేషాలు నచ్చవు. ఒకే మనిషి రెండు పేర్లతో తిరిగితే బ్లాక్‌లిస్ట్‌లో పోల్చేటప్పుడు తప్పించుకుంటాడు. రెండు సాకెట్లు తెరువు, రెండింటినీ పోల్‌లో పెట్టు. ఐపీవీ6 దానికి, అడ్రసూ పోర్టూ కట్టే బైండ్‌కి ముందే, ఐపీవీ4ని వినొద్దనే ఐపీవీ6_వీ6ఓన్లీ పెట్టడం మర్చిపోకు. మర్చిపోతే రెండో బైండ్ "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అంటుంది, ఎవరు వాడుతున్నారా అని ఊరంతా వెతుకుతావు.

చిన్నవి రెండు. అడ్రసుని అక్షరాల్లో దాచే చోట 16 సరిపోదు, ఐపీవీ6కి కావాల్సిన పొడవు ఐనెట్6_యాడర్‌స్ట్రెలెన్ 46. డేటాబేస్ కాలమ్ కూడా చూసుకో. పోర్టు విడదీయడానికి మొదటి కోలన్ దగ్గర కోయకు, ఐపీవీ6 నిండా కోలన్లే. అందుకే దాన్ని చదరపు బ్రాకెట్లలో రాస్తారు. ఇంకో మాట, నాలా తప్పు పాస్‌వర్డ్‌లు లెక్కపెట్టాలనుకుంటే ఐపీవీ6లో మొదటి 64 బిట్లనే లెక్కలోకి తీసుకో. ఒక్క ల్యాప్‌టాపే ఆ వెనక 64 బిట్లు మార్చుకుంటూ రోజుకో అడ్రసుతో రాగలదు.

ఆ సైజాఫ్ ముక్క మార్చాక ముందు 127.0.0.1 మీద, తర్వాత ::1 మీద నడిపి చూడు. రెండూ నీ మెషీన్‌లోనే ఉంటాయి, సిగ్నల్‌తో పని లేదు. ఆదివారం నాన్న ఇటొస్తున్నాడట, నువ్వూ రా. వరండాలో కుర్చీ వేసి ఉంచుతాను, నీ ఫోన్ హాట్‌స్పాట్ మీదే నడిపి చూపించాలి. నడిచాకే కాఫీ.

ఇట్లు,
మీ అత్త