బీడింగ్ మార్చినా కార్పెట్ తడుస్తోందంటే ఎక్కడ వెతకాలి?

కారులో ముందు ఎడమ సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడి, షెడ్డులో డోర్ బీడింగ్ (తలుపు అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) మార్చినా ఆగలేదు, ఇప్పుడు తలుపు తీస్తే ముక్కిన వాసన, ఇదీ మీ సమస్య. మీరు రాసిందాన్ని బట్టి తప్పు బీడింగ్‌ది కాకపోవచ్చండి. అది కంటికి కనబడుతుంది, మార్చడం తేలిక, అందుకే అందరూ ముందు దానిమీదే పడతారు. ఆ వైపు తడికి మన కోనసీమ, భీమవరం తేమ గాలిలో మొదట అనుమానించాల్సింది ఏసీని.

వాన లేని రోజున ఏసీ వేసుకుని తిరిగినా తడుస్తోందా, లేక వాన పడితేనో వాటర్ సర్వీసింగ్ చేయిస్తేనో మాత్రమే తడుస్తోందా? ముందు ఇది తేల్చుకోండి. సగం వెతుకులాట తప్పుతుంది.

ఏసీ వేసినప్పుడు డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ మీద గాలిలోని తేమ నీరై కారుతుంది. ఆ నీరు ఒక రబ్బరు గొట్టం గుండా ఇంజను వైపు రేకు దాటి రోడ్డు మీద పడాలి. ఉక్కపోత రోజున 15-20 నిమిషాలు ఏసీ నడిపి బండి నిలబెడితే కింద చిన్న మడుగు కట్టాలి. నేల పొడిగా ఉందంటే గొట్టం పూడినట్టే. లోపల నాచు పడుతుంది. పైగా మాసూళ్ల రోజుల్లో రోడ్ల మీదే ధాన్యం ఆరబోస్తాం, తూర్పారబడతాం. ఆ తాలూ దుమ్మూ బ్లోవర్ లోపలికి లాగేసుకుంటుంది, లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ లేని పాత బండ్లయితే మరీను.

గొట్టం చివర బండి కింద నుంచి దొరుకుతుంది. గడ్డి కోసే మిషన్‌కి వాడే నైలాన్ తీగ ముక్క తీసుకుని మెల్లగా తిప్పుతూ లోపలికి పంపండి, గట్టిగా తగిలిన చోట ఆపేయండి. ఇనప చువ్వ మాత్రం వద్దు, కాయిల్‌కి చిల్లు పడితే గ్యాసంతా పోతుంది. పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే ప్రెషర్ తగ్గించమనండి. ఫుల్లుగా కొడితే గొట్టం లోపలి జాయింటు ఊడి, అప్పటినుంచి నీళ్లన్నీ నేరుగా కార్పెట్‌లోకే. అడ్డు తొలగగానే నిలవ నీళ్లు ఒక్కసారిగా దూకుతాయి, ముఖం పక్కన పెట్టుకోండి.

తడి జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉండి, అద్దం లోపలివైపు మసకేస్తూ, బానెట్ కింద కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) తగ్గుతుంటే అది హీటర్ కోర్ లీకు, అంటే ఆ కూలెంట్ వేడితో క్యాబిన్‌కి వెచ్చని గాలి ఇచ్చే డ్యాష్‌బోర్డు లోపలి చిన్న రేడియేటర్ కారుతున్నట్టు. అది పూర్తిగా వేరే పని, ఆలస్యం చేయకుండా మెకానిక్‌కి చూపించండి.

వాన నీరే అయితే ముందు బానెట్ ఎత్తి వైపర్ల కింది ప్లాస్టిక్ జాలీ చూడండి. కొబ్బరి చెట్టు కిందో వేపచెట్టు కిందో పెట్టే బండైతే అక్కడ పూత, ఆకులు మెత్తగా కుళ్లి రెండు చివర్లా నీళ్లు పోయే దారి మూస్తాయి. నీరు పైకి నిండి బ్లోవర్ గాలి తీసుకునే నోట్లోంచి లోపలికి దిగుతుంది. క్యాబిన్ ఫిల్టర్ తడిసి ఉందంటే దారి ఇదే.

ఆ తర్వాత తలుపు. అద్దం పక్కనుంచి తలుపు లోపలికి నీరు దిగడం మామూలే, కింద అంచున ఉన్న కన్నాల్లోంచి పోతుంది. ఆ నీరు క్యాబిన్‌లోకి రాకుండా డోర్ ప్యాడ్ (తలుపు లోపలివైపు అట్ట) వెనక ఒక ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది. స్పీకర్లు పెట్టించినప్పుడో పవర్ విండో బాగు చేయించినప్పుడో దాన్ని పీకి, తిరిగి అంటీ అంటకుండా వదిలేస్తారు. దాంతో నీరు గుమ్మం మీదుగా కార్పెట్ కిందికి జారుతుంది, మీకు బీడింగ్ లీకులాగే కనిపిస్తుంది! పాత జిగురు గీకి, స్పిరిట్‌తో తుడిచి, బ్యూటైల్ టేపుతో (మెత్తటి రబ్బరు జిగురు టేపు) షీటు చుట్టూ ఎక్కడా తెగకుండా అంటించాలి. సిలికాన్ నిలవదు. తలుపు ఊపితే లోపల నీళ్లు గలగలలాడుతుంటే కింది కన్నాలు బురదతో పూడాయి, పుల్లతో పొడవండి.

ముందద్దం మార్పించి ఉంటే దాని అంచు, హారన్‌కో ఫాగ్ ల్యాంపులకో వైరు లాగి ఉంటే అది రేకులోంచి దూరే చోటి రబ్బరు బుష్ కూడా చూడాలి.

ఏదో తేలకపోతే కార్పెట్ ఎత్తి, రేకు తుడిచి, టాల్కం పౌడరు చల్లండి. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట మామూలు పైపుతో. తలుపు కింద నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తూ ఒక్కోచోట 5 నిమిషాలు సన్నటి ధార వదలండి. పైనుంచి మొదలుపెడితే నీళ్లన్నీ కలిసిపోయి ఏదీ తెలీదు. పౌడరు మీద పడ్డ చార వెంట వెనక్కి వెళ్తే చోటు దొరుకుతుంది.

ఇక ఆరబెట్టడం. పైన కార్పెట్ చేతికి పొడిగా తగిలినా నమ్మొద్దు, దాని కింద పరిచిన మందపాటి ఫెల్ట్ లీటర్లకొద్దీ నీరు పట్టుకుని ఉంటుంది. పైన 7డీ మ్యాట్లు (నేలంతా కప్పేసే మందపాటి మ్యాట్లు) వేయించి ఉంటే ఆ తడికి పైకి పోయే దారే లేదు, వాటిని ముందు తీసేయండి. కార్పెట్ పూర్తిగా ఎత్తాలంటే సీటు తీయాలి. బ్యాటరీ నెగటివ్ ఊడదీసి 10 నిమిషాలు ఆగి, సీటు కింది కనెక్టర్లు విప్పండి. పసుపు రంగువి ఎయిర్‌బ్యాగ్ లైనువి, అవి విప్పి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది. సీటు సాధారణంగా 4 బోల్టులు. ఫెల్ట్ బయటికి వస్తే ఎండలో నిలువుగా వేలాడదీయండి, రాకపోతే వెట్ వాక్యూమ్‌తో లాగి, కింద చెక్కముక్కలు పెట్టి టేబుల్ ఫ్యాన్ వదలండి. రాత్రి అద్దాలు తెరిచి ఉంచితే మన మంచు గాలికి మళ్లీ చెమ్మెక్కుతుంది. బూజు వాసనకి తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి చల్లి ఆరనివ్వండి. సెంటు డబ్బాలు పెడితే రెండు వాసనలవుతాయి, అంతే.

లోపలికి వచ్చింది రొయ్యల చెరువు నీరో ఉప్పుటేరు నీరో అయితే ఆరబెట్టే ముందు ఫెల్ట్‌ను మంచినీళ్లతో బాగా జాడించాలి. ఉప్పు ఉన్నంతకాలం గాలిలో తేమ లాక్కుంటూనే ఉంటుంది, కింద రేకూ వైర్ల జాయింట్లూ తినేస్తుంది. ఆకుపచ్చ చిలుము పట్టిన కనెక్టర్లకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి.

ఫ్లోర్‌లో రబ్బరు ప్లగ్గులు తీసి నీళ్లు వదిలితే, వాటిని సీలెంట్ రాసి మళ్లీ నొక్కాలి. ఒక్కటి మర్చిపోయినా, నీళ్లు నిలిచిన రోడ్డు మీద వెళ్లగానే ఈసారి కింద నుంచి తడుస్తుంది.