చలి కంటే చెమటే చేటు

ప్రశ్న: ఆగస్టులో నలుగురు స్నేహితులం ఇండోనేషియాలోని బాలి పోతున్నాం. అక్కడ బటూర్ అగ్నిపర్వతాన్ని తెల్లవారకముందే ఎక్కి సూర్యోదయం చూస్తారట. అహోబిలం మెట్లు తప్ప మాకు కొండలు అలవాటు లేదు. ఎన్నింటికి మొదలుపెట్టాలి? ఏమేం పట్టుకుపోవాలి?
– ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: బటూర్ ఎత్తు 1717 మీటర్లు. మామూలు నడకకు పైకి రెండు గంటలు పడుతుంది. ఆగస్టులో అక్కడ పొద్దు పొడిచేది ఆరుంబావు, ఆరున్నర మధ్య. తూర్పున రంగులు దానికి అరగంట ముందే పరుచుకుంటాయి కాబట్టి 5.45కల్లా పైన ఉండాలి. 3.30కి కదిలితే తొందరపడే పని లేదు. బాలి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. అంటే అక్కడి మూడున్నర మీ ఒంటికి రాత్రి ఒంటిగంట. దిగిన మొదటి రాత్రే కొండ పెట్టుకోకండి, మూడో రోజుకు ఉంచుకోండి.

చలి అనగానే మనవాళ్ళు స్వెట్టర్ తొడుక్కుని ఎక్కడం మొదలుపెడతారు. దెబ్బతినేది అక్కడే. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల పైచిలుకు చల్లబడుతుంది. సముద్రం ఒడ్డున 24 ఉంటే శిఖరం మీద 14 దాకా ఉంటుంది, గాలి వీస్తే ఇంకా తక్కువనిపిస్తుంది. స్వెట్టర్‌తో ఎక్కినవాళ్ళకు ఇరవై నిమిషాల్లో ఒళ్ళంతా చెమట. పైన గంటసేపు కదలకుండా కూర్చునేసరికి ఆ తడి కాటన్ బనియన్ ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. అందుకే ఎక్కేటప్పుడు పాలిస్టర్ టీషర్టు ఒక్కటే వేసుకోండి. మొదటి పది నిమిషాలు చలి వేస్తే మంచిదే. స్వెట్టరూ, గాలి ఆపే జాకెట్టూ, పొడి బనియనూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచిలో పెట్టుకోండి. పైకి చేరగానే ఫోటోలకంటే ముందు బనియన్ మార్చుకోవాలి. ఆయాసం లేకుండా మాట్లాడుకోగలిగినంత నిదానంగా నడిస్తే చెమట సగం తగ్గుతుంది.

చేతి టార్చి వద్దు, తలకు కట్టుకునే లైటు కొనండి. రాళ్ళు పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. మనిషికి లీటరున్నర నీళ్ళు, నాలుగు వేరుశనగ ఉండలు చాలు. స్థానిక గైడును ముందే మాట్లాడుకోండి. ఇండోనేషియాలో అగ్నిపర్వతాలకు నాలుగు స్థాయిల హెచ్చరికలుంటాయి. మొదటిదంటే అంతా మామూలుగా ఉన్నట్టు. ముందురోజు బటూర్ ఆ మొదటి స్థాయిలోనే ఉందో లేదో అడగండి. శిఖరం దగ్గర రాతి సందుల్లోంచి వేడి ఆవిరి వస్తుంది, గైడ్లు అందులో గుడ్లు ఉడకబెడతారు. ఆస్తమా ఉన్నవాళ్ళు అక్కడ కూర్చోవద్దు.

ప్రశ్న: మా ఆయనకు యాభై రెండేళ్ళు, మోకాళ్ళు కాస్త నొప్పి. బటూర్ లాంటి కొండ ఎక్కగలరా?
– ఓ పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఎక్కడం గురించి బెంగ వద్దమ్మా, దిగడం గురించి ఆలోచించండి. జారిపడేది ఎక్కువగా దిగేటప్పుడే. పైభాగమంతా తేనెపట్టులా చిల్లులున్న నల్లటి లావా రాళ్ళు, శనగగింజ నుంచి గుప్పెడంత వరకు. లోతుగా పరుచుకున్నచోట మడమ గుచ్చి, మోకాలు కొద్దిగా వంచి, చిన్న అడుగులు వేయాలి. గట్టి రాతిమీద పలుచగా ఉన్నచోటే ప్రమాదం. రాళ్ళు కాలికింద గోలీల్లా దొర్లుతాయి. అక్కడ పక్కకు తిరిగి దిగాలి. అంచులు పదును కనుక పడితే అరచేయి చీరుకుపోతుంది, గ్లవ్స్ వేసుకోమనండి. రెండు చేతి కర్రలుంటే మోకాళ్ళకు భారం తగ్గుతుంది. ముందురోజు కాలిగోళ్ళు తీసుకోవాలి. దిగేముందు బూటు లేసులు చీలమండ దగ్గర బిగిస్తే వేళ్ళు ముందుకు గుద్దుకోవు. నెల ముందు నుంచి వారానికి రెండుసార్లు గుత్తి కోటలాంటి కొండ ఎక్కి దిగమనండి. దిగిన మర్నాడు మోకాలు వాచిందంటే డాక్టరు చెప్పేదాకా ప్రయాణం వాయిదా వేయండి.

ప్రశ్న: గండికోట కూడా పాత అగ్నిపర్వతమేనా? మన సీమలో అసలు ఒక్కటైనా ఉందా?
– ఓ విద్యార్థి, తాడిపత్రి

జవాబు: గండికోట కాదు. అక్కడి బండలు నీటి అడుగున పొరలుపొరలుగా పేరుకుని గట్టిపడినవి. ఎర్రమల కొండల్లో ఆ గండిని కోసింది పెన్నా. అగ్నిపర్వతపు ఆనవాలు కావాలంటే మీ జిల్లాలోనే వజ్రకరూరు ఉంది. సుమారు 110 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోతుల నుంచి శిలాద్రవం గొట్టాల్లా పైకి తన్నుకొచ్చింది, వజ్రాలను మోసుకొచ్చింది అదే. ఆ రాయి పేరు కింబర్లైట్. పైభాగం అరిగిపోయి నేల చదునైంది కాబట్టి ఎక్కడానికి కొండంటూ ఏమీ మిగల్లేదు. దేశంలో ఇప్పటికీ రగిలే అగ్నిపర్వతం అండమాన్‌లోని బారెన్ దీవి ఒక్కటే. అక్కడ దిగనివ్వరు, ఓడలోంచే చూడాలి.