చెరువు ఎగువన పెద్ద హౌసింగ్ ప్రాజెక్టు వస్తుంటే అభ్యంతరం ఏమని రాయాలి?

మీ చిన్న పట్టణంలో చెరువుకు ఎగువన 600 ఫ్లాట్ల ప్రాజెక్టు వస్తోందని, అభ్యంతరం చెబితే ఎవరైనా వింటారా, ఏమని రాయాలి అని అడిగారు. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని మా ఊళ్లో దాదాపు ఇంత పెద్ద ప్రాజెక్టే వచ్చినప్పుడు నేను రెండు అర్జీలు రాశాను. మొదటిది వృథా అయింది, రెండోది కొంతవరకు పని చేసింది.

మొదటి అర్జీలో మా బాధలన్నీ పెట్టాను: లారీల రద్దీ, దుమ్ము, బోర్లు ఎండిపోతాయన్న భయం, ఊరు ఊరులా ఉండదన్న దిగులు. వాడకట్టులో ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించి, సోమవారం ప్రజావాణిలో (కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకునే కార్యక్రమం) ఇచ్చి రసీదు తీసుకున్నాం. రెండు నెలలకు వచ్చిన జవాబులో ఒకే ఒక్క వాక్యం ఉంది: అనుమతులు నిబంధనల ప్రకారమే ఇచ్చారట. మా బాధలు నిజమైనవే, ఈ రోజుకీ నేను వాటిని వదులుకోను. అయితే ఏ నిబంధన ఎక్కడ తప్పిందో మా అర్జీలో ఎక్కడా లేదు.

దారి చూపింది, ఒకప్పుడు ఆ చెరువు ఆయకట్టులో ఎకరంన్నర సాగు చేసిన మా వాడకట్టు పెద్దాయన. 2023 జూలై చివరి వారపు వానల్లో ఆయన నన్ను గొడుగు పట్టించి ప్రాజెక్టు స్థలం వెనక్కి తీసుకెళ్లారు. పై కుంట మత్తడి (అలుగు) దుంకి వస్తున్న నీళ్లు పాత కాలువ వెంబడే వచ్చి, చదును కోసం పోసిన మొరం దిబ్బకు తగిలి, పక్కకు మళ్లి మా ఇళ్ల వైపు పారుతున్నాయి. "గీ కాలువ మూస్తే పై కుంట నీళ్లు యాడికి పోతయి బిడ్డా? మన ఇండ్లల్లకే గద" అన్నారాయన. మర్నాడు బడి ప్రహరీ మీద బురద గీత నా మోకాలికి పైన ఉంది. మన ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి కాబట్టి పైదాని అలుగు నీళ్లే కిందిదాన్ని నింపుతాయి. మధ్యలో కాలువ పూడితే కింది చెరువు నిండదు, వీధులు మాత్రం మునుగుతాయి.

రెండో అర్జీ ఆ కాలువ ఒక్కదాని గురించే రాశాను. గ్రామ నక్షాలో (సర్వే పటంలో) కాలువ స్పష్టంగా ఉంది. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైటులో దొరికిన ప్లానులో అదే చోట లోపలి రోడ్డు గీసి ఉంది. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగు, కాలువ, నాలాల అంచు నుంచి 9 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 2 మీటర్లు వదలాలి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు. నక్షా, ప్లాను, తేదీ కనిపించే ఫొటోలు జతచేసి నీటిపారుదల శాఖకు, పురపాలికకు, కలెక్టరుకు ఒకేసారి ఇచ్చాను. ఉమ్మడి సర్వే జరిగింది, మొరం తీయించారు, కాలువ మీదికి వచ్చిన ఒక బ్లాకును వెనక్కి జరిపారు. ప్రాజెక్టు ఆగలేదు. ఆగాలని నేను కోరనూ లేదు; అక్కడ ఇల్లు కొనుక్కునేవాళ్లలో మా ఊరి టీచర్లు, కండక్టర్లు కూడా ఉన్నారు, అర్జీలో వాళ్లను నొప్పించే మాట ఒక్కటీ రాయకండి.

మీరు నీటి లెక్క కూడా అడగండి. ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 600 ఇళ్లకు 3,24,000 లీటర్లు కావాలి. అందులో సుమారు 80 శాతం, అంటే రెండున్నర లక్షల లీటర్లకు పైగా మురుగై బయటికి వస్తుంది. అది ఎక్కడ శుద్ధి అవుతుంది, శుద్ధయ్యాక ఏ కాలువలో కలుస్తుంది అని సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి తప్పనిసరి, కానీ భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. ఎవరో వచ్చి మిమ్మల్ని అడుగుతారని ఎదురుచూడకుండా మీ అభ్యంతరాన్ని మీరే రాసి పంపాలి. అనుమతి వచ్చాక పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే మామూలు గడువు 30 రోజులే. ఈ గడువులు తెలియక మేము మొదటి అర్జీతో చాలా కాలం పోగొట్టుకున్నాం.

మా ఊళ్లో మురుగు ప్రశ్నకు సరైన జవాబు ఇంకా రాలేదు, మళ్లీ దరఖాస్తు పెట్టాను. మీరు మాత్రం ముందు మీ సర్వే నంబర్లు పట్టుకుని నక్షా సంపాదించండి, గట్టి వాన పడిన రోజే ఫోను తీసుకుని అక్కడికి వెళ్లండి. ఎండాకాలంలో తీసిన ఫొటోలో కాలువ వట్టి గుంతలాగే కనిపిస్తుంది.