వార్తల టెన్షన్‌కి చేపల కాలింగ్ బెల్

రాజకీయ వార్తలు చూసి చూసి నిద్ర పట్టడం లేదు, అలాగని ఫోన్ పక్కన పెట్టలేకపోతున్నా అన్నారు కదా. పెట్టక్కర్లేదు లెండి, చూసేది మార్చండి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో ఒక కాలువ గేటు దగ్గర నీటి అడుగున కెమెరా ఉంది, దాని వీడియో ‘ఫిష్ డోర్‌బెల్’ అనే వెబ్‌సైట్‌లో లైవ్‌గా చూడొచ్చు. వసంతంలో గుడ్లు పెట్టడానికి ఎగువకు వెళ్లే చేపలు గేటు మూసి ఉంటే అక్కడే ఆగిపోతాయి. చేప కనిపించగానే మనం స్క్రీన్ మీద బెల్ నొక్కాలి. తగినన్ని చేపలు చేరితే గేటు తెరుస్తారు. 2021 నుంచి నడుస్తోంది. చాలాసేపు మసక నీళ్లే కనిపిస్తాయి, నాకు నచ్చిందీ అదే. ఎవరూ అరవరు!

సీజన్ కాకపోతే నాసా వారి ‘ఆస్ట్రానమీ పిక్చర్ ఆఫ్ ద డే’ ఉంది, 1995 నుంచి రోజుకో ఖగోళ చిత్రం. ‘రేడియో గార్డెన్’ అనే వెబ్‌సైట్‌లో స్క్రీన్ మీద భూగోళం తిప్పుతూ ఏ దేశం పాటలైనా వినొచ్చు. వార్తల స్టేషన్ తగిలితే మాత్రం వెంటనే తిప్పేయండి.